పదిమంది చేసిన గుడ్డను మ్యూజియానికి ఇస్తే

మగ్గం మీద పాత పడుగు (నిలువు పోగుల వరుస) అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు ఒక పని ఉంటుంది. దాన్ని అచ్చు అతకడం అంటారు. అచ్చులో, అంటే పోగులను వరుసగా నిలిపే దువ్వెన లాంటి చట్రంలో, మిగిలిన పాత పోగు చివరను, కొత్త పడుగులో దానికి జతగా వచ్చే పోగు చివరను దగ్గరికి తెచ్చి, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పుతారు. రెండు పోగులూ ఒకటైపోతాయి. ముడి వేయరు. ముడి వేస్తే అచ్చు పళ్లలో ఇరుక్కుని తెగుతుంది. చీర పన్నాకు, అంటే వెడల్పుకు, ఇలా వేల పోగులు అతకాలి. నూరో నంబరు లాంటి సన్నటి నూలు కంటికి సరిగా ఆనదు కాబట్టి కిటికీ పక్కనో, పగటి వెలుతురు పడే చోటో కూర్చుని, తల ఎత్తకుండా చేస్తారు. చీర తయారయ్యాక ఈ పని జాడ అందులో ఎక్కడా కనపడదు.

ఒక చీర వెనక ఇంకా చాలా చేతులున్నాయి. నూలు చిలపలకు రంగు అద్దినవాళ్లు, పడుగు పోగులను వరుసపెట్టి ఆసు పోసినవాళ్లు, తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు పరిచి గంజి పట్టి కుంచెతో దువ్వినవాళ్లు, గళ్ల కాగితం మీద డిజైను గీసినవాళ్లు, దాన్ని చూసి మగ్గాన్ని నడిపే జకార్డు అట్టలకు చిల్లులు కొట్టినవాళ్లు, రాట్నం ముందు కూర్చుని అడ్డపోగు నూలును కండెలకు చుట్టిన అమ్మో అత్తగారో. ఆఖరికి గుంట మగ్గంలో కాళ్లు పెట్టి నేసిన మనిషి. కొంగులో జాందానీ పని, అంటే నేతలోనే చేత్తో బొమ్మలు తేల్చే పని, ఎక్కువగా ఉంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాల్సిందే. ఇంతమంది చెయ్యి పడిన చీర బజారుకు వచ్చాక దాని మీద మిగిలే పేరు ఒక్కటే, వెంకటగిరి.

ఆ పేరు తక్కువదేం కాదు. వెలుగోటి రాజుల కాలం నుంచి పెరిగిన నేత అది. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, జనం నోట్లో ఇప్పటికీ నెల్లూరు వెంకటగిరే. చీరకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. అయితే ఆ గుర్తింపు ఊరికి, ఆ ఊరి పద్ధతికి రక్షణ ఇస్తుంది. ఫలానా చీర ఎవరు నేశారన్నది దాని పరిధిలోకి రాదు. అమ్మకానికి వచ్చే చీర విషయంలో ఇది పెద్ద లోటుగా అనిపించకపోవచ్చు. అదే గుడ్డ మ్యూజియానికి వెళితే సంగతి వేరు. అక్కడికి వెళ్లాక దాని గురించి వందేళ్ల తర్వాత చదివేవాళ్లకు తెలిసేది, ఇచ్చిన రోజున కాగితం మీద ఏం రాశారో అది మాత్రమే.

నలుగురు కళాకారులు కలిసి ఒక పెద్ద గుడ్డ తయారుచేసి జానపద కళల మ్యూజియానికి కానుకగా ఇవ్వడం అక్కడక్కడా జరుగుతోంది. మన దగ్గర కూడా అలాంటి పనికి కావలసిన చేతులన్నీ ఉన్నాయి. కోవూరు పక్కన పాటూరులో మగ్గాలున్నాయి. వెంకటగిరిలో చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య పేరిట చేనేత టెక్నాలజీ సంస్థ ఉంది. పాత చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టే ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన చీరాల, వేటపాలెం వైపు నేత కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వీళ్లలో ఒక పదిమంది కలిసి గుడ్డ చేసి ఇవ్వాలనుకుంటే ముందుగా ఏం ఆలోచించుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

ఒక ఉదాహరణ అనుకుందాం. పాటూరులో పదిమంది ఆడవాళ్లు. ముగ్గురు నేతపనివాళ్లు, నలుగురు బొంతలు కుట్టేవాళ్లు, ఇద్దరు ఎంబ్రాయిడరీ తెలిసినవాళ్లు, ఒక చిత్రకారిణి. పన్నెండు అడుగుల పొడవు తెర ఒకటి కుడుతున్నారు. అడుగున కొత్తగా నేసిన తెల్ల గుడ్డ. దాని మీద పాత వెంకటగిరి చీరల ముక్కలతో పెన్నా నది, సోమశిల డ్యామ్, స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండుగ, రంగనాయకుల గుడి గోపురం. రొట్టెల పండుగ బొమ్మలో నీళ్లలో నిలబడి రొట్టె మార్చుకుంటున్న ఇద్దరి చీరలకు, కుట్టినామె తన పెళ్లినాటి చీర చెంగు కత్తిరించి వాడింది. ఈ సంగతి తెర చూస్తే తెలియదు. ఆమె చెప్పాలి, ఎవరో రాసుకోవాలి. రాసుకోకపోతే అది ఎర్ర గుడ్డ ముక్క, అంతే.

గుడ్డ మిగిలి మనిషి పేరు పోవడం మన దగ్గర కొత్త కాదు. 1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి లండన్‌లోని ఇండియా మ్యూజియంలో పోగుపడిన మన దేశపు గుడ్డలను ముక్కలుగా కత్తిరించి, 700 నమూనాలను 18 సంపుటాల్లో అతికించాడు. అలాంటివి 20 సెట్లు తయారయ్యాయి. 13 బ్రిటన్‌లోని ఊళ్లకు, 7 ఇండియాకు వెళ్లాయి. ఇక్కడి జనం ఏం కడతారో అక్కడి మిల్లులవాళ్లు చూసి, అలాంటిదే నేసి ఇక్కడికే అమ్మాలన్నది ఉద్దేశం. ప్రతి ముక్క పక్కనా ఊరు, కొలత, బరువు, ధర లాంటి వివరాలున్నాయి. నేసినవాళ్ల పేర్లు లేవు. వ్యాపారికి అవి అక్కర్లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఇది మర్చిపోయి జరిగింది కాదు. ఏం రాసుకోవాలో నిర్ణయించిన మనిషి అవసరాలను బట్టి జరిగింది. ఈ రోజు కానుక ఇచ్చేవాళ్లు కూడా, ఫారంలో ఏ గడులు ఉండాలో మ్యూజియం ఒక్కదానికే వదిలేస్తే, ఆ గడుల్లోకి రానిదంతా అలాగే జారిపోతుంది.

చీరాల తేలియా రుమాలు కథా ఇంతే. నూలును నూనెతో, ఆముదపు కాయల బూడిదతో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆ తర్వాత ఎరుపు, నలుపు రంగులు అద్ది నేసే చదరపు రుమాళ్లు ఇవి. గల్ఫ్ దేశాలకు ఓడల్లో వెళ్లాయి. పోగుల దశలోనే కట్టు కట్టి రంగు వేయడం వల్ల, కట్టినవాళ్ల లెక్క ఒక్క పోగు తప్పినా నేతలో బొమ్మ చెదిరిపోతుంది. అంత లెక్క బుర్రలో పెట్టుకున్నవాళ్లు ఎవరో ఇప్పుడు పాత రుమాలు చేతికి దొరికినా చెప్పలేం. చీరాలలో పుట్టిన ఈ పనికి 2020లో వచ్చిన భౌగోళిక గుర్తింపు తెలంగాణలోని పుట్టపాక పేరు మీద ఉంది. పుట్టపాకవాళ్లు దాన్ని నిలబెట్టారు కాబట్టి అది న్యాయమే. పుట్టిన చోటే పని సన్నగిల్లిపోతే ఊరి పేరు కూడా చేజారుతుందని మాత్రం అర్థమవుతోంది.

జానపదం అన్న మాటలోనే ఒక చిక్కుంది. జానపద పాటను ఎవరు కట్టారో తెలియదు, ఊరంతటిదీ అంటాం. పాటకు అది నిజమే కావచ్చు, నోటి నుంచి నోటికి మారుతూ వచ్చింది కాబట్టి. అదే అలవాటు గుడ్డకూ పట్టుకుంది. బొంత కుట్టినామె మన కళ్ల ముందే ఉంటుంది, ఆమె పేరు వీధిలో అందరికీ తెలుసు. అయినా అద్దాల పెట్టెలోకి వెళ్లేసరికి అది ‘ఆంధ్ర గ్రామీణ మహిళల బొంత’ అయిపోతుంది. తైలవర్ణ చిత్రం గీసిన చిత్రకారుడి పేరు తెలిసీ ఏ మ్యూజియమూ వదిలేయదు. బొంత పక్కన పేరు లేకపోతే అడిగేవాళ్లు లేరు. ఈ తేడాకు కళతో సంబంధం లేదు, ఎవరిని మనిషిగా లెక్కపెడుతున్నాం అన్నదానితో ఉంది.

అమెరికాలోని శాంటా ఫేలో 1953లో మొదలైన అంతర్జాతీయ జానపద కళల మ్యూజియం ఉంది. 1978లో అలెగ్జాండర్ గిరార్డ్, ఆయన భార్య కలిసి లక్షా ఆరు వేల వస్తువులు దానికి ఇచ్చారు. గిరార్డ్ స్వయంగా గుడ్డల డిజైనర్, మన దేశపు బొమ్మలన్నా బట్టలన్నా ప్రాణం పెట్టిన మనిషి. ఆయన వల్ల ఎన్నో వస్తువులు బతికాయి, సందేహం లేదు. కానీ అలాంటి పెద్ద సేకరణలో నిలిచే పేరు సేకరించినవాళ్లది. చేసినవాళ్లు ఏ దేశం, ఏ ఊరు అన్న దగ్గరే ఆగిపోతారు. అందుకే చేసినవాళ్లే నేరుగా ఇవ్వడంలో తేడా ఉంది. మధ్యలో సేకర్త లేడు. పేరు చెప్పే అవకాశం చేసినవాళ్ల చేతిలోనే ఉంది. ఆ అవకాశం ఒక్కసారే వస్తుంది.

దాన్ని పూర్తిగా వాడుకున్న ఉదాహరణ ఎయిడ్స్ స్మారక బొంత. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 ముక్కలు. ఒక్కో ముక్క మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే ఒక సమాధి అంత. చనిపోయిన మనిషి పేరును వాళ్ల వాళ్లే కుట్టారు. ఎనిమిదేసి ముక్కలు కలిపి పన్నెండడుగుల చదరంగా అతికారు. ఇప్పుడది దాదాపు 50,000 ముక్కలు, 54 టన్నుల బరువు. గుడ్డతోపాటు కుటుంబాలు పంపిన ఉత్తరాలు, ఫోటోలు కూడా దాచారు. ఆ కాగితాలు ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని జానపద విభాగానికి చేరాయి. బొంత ఒక చోట, దాని కథ మరో చోట ఉన్నా రెంటికీ లంకె తెగలేదు. పెద్ద సంస్థ కాబట్టి చేయగలిగారు అనుకోవచ్చు. నిజానికి ముక్కతో పాటు ఒక కాగితం తీసుకోవడం అన్న చిన్న పద్ధతి వల్ల సాధ్యమైంది.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లినవి చిలీ దేశపు ఆర్పియెరాలు. 1973లో సైనిక పాలన వచ్చాక, మాయమైపోయిన కొడుకుల కోసం, భర్తల కోసం వెతుకుతున్న ఆడవాళ్లు ఒక చోట చేరి, గోనెగుడ్డ మీద పాత బట్టల ముక్కలతో జరిగిందంతా కుట్టారు. చర్చి సాయంతో అవి దేశం దాటాయి. వాటి మీద పేర్లు ఉండవు. పేరు ఉంటే ప్రాణానికే ముప్పు. ఇక్కడ పేరు లేకపోవడం కుట్టినవాళ్ల నిర్ణయం. కాబట్టి ప్రతి గుడ్డ మీదా పేరు ఉండి తీరాలని బయటివాళ్లు పట్టుబట్టడం కూడా సరికాదు. మన దగ్గర కూడా ఏ కారణం చేతో తన పేరు వద్దనే ఆడమనిషి ఉండొచ్చు. ఆమెను అడగాలి, ఆమె ఏమంటే అది రాయాలి. అడగకుండా వదిలేయడానికీ, అడిగితే వద్దందని రాయడానికీ చాలా దూరం ఉంది.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. చాలామందికి ఇక్కడే టెన్షన్. కొంచెం ఓపిగ్గా చూస్తే అంత కష్టమేం కాదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థలం, ఇల్లు లాంటివి దానం ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుడ్డ లాంటి చరాస్తికి అక్కర్లేదు. చేతికి అందిస్తే చాలు, అవతలివాళ్లు పుచ్చుకుంటే దానం పూర్తయినట్టే. సౌకర్యంగానే ఉంది, చిక్కంతా ఇక్కడే ఉంది. పాటూరు తెరను ఏదో సభలో, శాలువా కప్పించుకుంటున్న హడావుడిలో, పదిమంది తరఫున ఒకరు అందిస్తారు. ఫోటో తీస్తారు, చప్పట్లు కొడతారు. ఆ క్షణంలో దానం జరిగిపోయినట్టే అనిపిస్తుంది. మిగతా తొమ్మిదిమంది ఒప్పుకున్నారా, షరతులేమైనా ఉన్నాయా అన్నది ఎక్కడా లేదు. ఉమ్మడి ఆస్తిలో ఎవరి వాటా వాళ్లే ఇవ్వగలరు. ఒకరు ఇస్తే అందరి వాటా వెళ్లిపోదు. ఇచ్చిన దానాన్ని మనసు మారిందని వెనక్కి తీసుకోవడం మాత్రం దాదాపు కుదరదు. అందుకని చట్టం అడగకపోయినా కాగితం రాసుకోవాలి. పదిమందీ సంతకాలు పెట్టాలి, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయాలి. కాగితం తెలుగులో ఉండాలి. ఇంగ్లీషు ఫారం కింద సంతకం పెట్టించుకుని, అందులో ఏముందో తర్వాత చెబుతామనడం కానుకను పుచ్చుకునే పద్ధతి కాదు.

రెండో సంగతి కాపీరైట్. గుడ్డ ఇచ్చేస్తే అందులోని బొమ్మ మీద హక్కు కూడా వెళ్లిపోతుందని చాలామంది అనుకుంటారు. వెళ్లదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. కాబట్టి తెర మ్యూజియం గోడ మీద ఉన్నా, ఆ రొట్టెల పండుగ బొమ్మను క్యాలెండర్ల మీద, టీ కప్పుల మీద అచ్చు వేసి అమ్మాలంటే కుట్టినవాళ్ల అనుమతి కావాలి. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో విడదీయలేనంతగా కలిసిపోతే దాన్ని ఉమ్మడి రచన అంటారు. దాని కాపీరైట్ ఆ పదిమందిలో చివరగా కన్నుమూసినవాళ్ల తర్వాత కూడా 60 ఏళ్లు ఉంటుంది. అంటే మనవళ్ల, మనవరాళ్ల దాకా వెళ్లే సంగతి. వాళ్లెవరో, ఎక్కడున్నారో ఇప్పుడే రాసిపెట్టకపోతే అరవై ఏళ్ల తర్వాత ఎవరిని అడుగుతారు?

ఇక్కడ నేతపనివాళ్లు తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయదగ్గ డిజైనును రిజిస్టర్ చేయకుండా, పరిశ్రమ పద్ధతిలో 50 సార్లకు మించి తయారుచేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. ఒక్కటే చేసిన తెరకు ఉండే రక్షణ, అదే బొమ్మను వార్పులకు వార్పులు, అంటే పడుగుల కొద్దీ, చీరల మీద నేస్తే ఉండకపోవచ్చు. తెర బాగుందని చీరగా నేద్దామనుకునేవాళ్లు ముందే సలహా తీసుకోవాలి.

కొన్నవాడిదే సర్వాధికారం కాదని చెప్పిన కేసు మన దేశంలోనే ఉంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కోసం 140 అడుగుల పొడవైన కంచు కుడ్యశిల్పం చేశారు. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు, చాలా భాగం పాడైపోయింది. ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. కాపీరైట్ చట్టం 57వ సెక్షను కింద, కళాఖండం చేతులు మారినా, చేసిన మనిషికి తన పేరు చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు ఉంటాయి. పన్నెండడుగుల తెరను గోడ చిన్నదని ఎనిమిది అడుగులకు మడిచి కుట్టేస్తే ఈ సెక్షను గుర్తుకు రావాలి. అయితే దాన్ని ప్రదర్శనకు పెట్టలేదని మాత్రం ఈ సెక్షను కింద ఫిర్యాదు చేయలేం. ఆ మాట చట్టంలోనే స్పష్టంగా ఉంది.

చట్టం చూపు ఇరుకైన చోటు కూడా ఒకటుంది. ఉమ్మడి రచయితలు అనిపించుకోవాలంటే సృజనలో పాలు ఉండాలి. కండెలు చుట్టినామె, అచ్చు అతికిన మనిషి ఆ లెక్కలోకి వస్తారా అంటే, కోర్టులో నిలబడడం కష్టం. కానీ మ్యూజియం రిజిస్టరు కోర్టు తీర్పు కాదు. సినిమా చివర లైట్లు పట్టుకున్నవాళ్ల పేర్లు వేస్తారు, దానివల్ల వాళ్లు దర్శకులైపోరు. తెర వివరాల్లో కూడా ‘నేత’, ‘రంగు’, ‘అచ్చు అతకడం’, ‘కుట్టు’, ‘బొమ్మ’ అని విడివిడిగా పేర్లు రాస్తే, హక్కు ఎవరికి ఎంత అన్న గొడవ లేకుండానే అందరూ నిలుస్తారు. ఈ పని మీదే అన్నిటికన్నా ఎక్కువ పట్టుదల చూపించాలి. డబ్బు ఖర్చు లేదు, చట్టం అడ్డం రాదు, ఒక కాగితం చాలు.

కానుక ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ మధ్య మనస్పర్థలు ఎక్కువగా వచ్చేది మాత్రం హక్కుల దగ్గర కాదు, గుడ్డ కనపడకపోవడం దగ్గర. ఆరు నెలల తర్వాత పిల్లలను తీసుకుని ఎంతో ఆశగా వెళితే తెర గోడ మీద ఉండదు. స్టోర్‌లో ఉందంటారు. మాది పక్కన పడేశారని బాధపడతారు. అసలు కారణం వేరు. గుడ్డకు వెలుతురే శత్రువు. పడిన వెలుతురు చేసిన నష్టం తర్వాత చీకట్లో పెట్టినా పూడదు, వెలుతురు పడేకొద్దీ కూడుతూనే పోతుంది. అందుకే గుడ్డలున్న గదిలో వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. మన ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఉండే వెలుతురులో అది చాలా కొంచెం. అంత మసక వెలుతురులో కూడా కొన్ని నెలలు పెట్టి, తర్వాత తీసి విశ్రాంతి ఇస్తారు. స్టోర్‌లో ఉండడం అంటే బాగా చూసుకుంటున్నారన్నమాట. ఈ ఒక్క మాట ఇచ్చే రోజునే చెబితే సగం బాధలు ఉండవు.

స్టోర్‌లో ఎలా పెడతారన్నది ముఖ్యం. జరీ ఉన్న గుడ్డకు మడత పనికిరాదు. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ చుట్టిన సన్నటి వెండి రేకు, దాని మీద బంగారు పూత. మడత పడిన చోట ఆ రేకు విరుగుతుంది. అమ్మమ్మల ట్రంకు పెట్టెల్లో నుంచి తీసిన పట్టుచీర సరిగ్గా మడతల మీదే చీలిపోయి ఉండడం చూడని ఇల్లు ఉండదు. అందుకే పెద్దవాళ్లు ఏడాదికోసారి తీసి, నీడలో ఆరబెట్టి, మడత మార్చి పెట్టేవాళ్లు. మ్యూజియంలో అయితే మడతే లేకుండా, ఆమ్లం లేని కాగితం పరిచి, లావుపాటి గొట్టానికి చుట్టి పడుకోబెడతారు. వెండికి గంధకం తగిలితే నల్లబడుతుంది కాబట్టి చుట్టూ వాడే కాగితం, అట్ట, చెక్క అన్నీ చూసి ఎంచుకోవాలి. వేపాకు, లవంగాలు, వస కొమ్ము మన ఇళ్లలో పనిచేశాయి. మ్యూజియంలో ఎండిన ఆకుల పొడి కూడా మరకే. కొత్తగా వచ్చిన గుడ్డను ముందు వేరే గదిలో ఉంచి, ప్లాస్టిక్ సంచిలో మూసి, సున్నాకు 20 డిగ్రీల కింద కొన్ని రోజులు గడ్డకట్టిస్తారు. పురుగు, గుడ్డు ఉంటే అక్కడితో సరి. నెల్లూరు లాంటి తీరప్రాంతం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి బూజు భయం మరీ ఎక్కువ. ఇక్కడ ఏసీ రాత్రంతా ఆపేసి పొద్దున వేస్తే, గుడ్డ రోజూ తేమ పీల్చి వదులుతూ పోగు తొందరగా అలసిపోతుంది.

తయారుచేసేవాళ్లు దీన్ని బట్టి ముందే జాగ్రత్తపడొచ్చు. పాత చీర ముక్కలు వాడితే రంగు దిగుతుందో లేదో తడి గుడ్డ అద్ది చూడాలి. గంజి పూర్తిగా ఉతికి తీసేయాలి, గంజికి వెండి రంగు పురుగులు (సిల్వర్‌ఫిష్) వస్తాయి. ఫెవికాల్, గ్లూ గన్ ముట్టకూడదు, కొన్నేళ్లకు పచ్చబడి గుడ్డను కొరికేస్తాయి. పై అంచు వెనకవైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక గొట్టంలా గుడ్డ కుట్టి పెడితే, కర్ర దూర్చి వేలాడదీసినప్పుడు బరువు ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది. నాలుగు మూలలా రింగులు కొడితే ఆ నాలుగు చోట్లే చిరుగుతుంది.

వీటన్నిటికన్నా లోతైన ఇబ్బంది ఒకటి ఉంది. బొంత కప్పుకోవడానికి పుట్టింది. పసిబిడ్డ కింద పరవడానికి, చలికాలం రాత్రి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకే దాంట్లో దూరడానికి. చిరిగితే మీద ఇంకో పొర వేసి కుడతారు, కాబట్టి బొంత ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది, బరువెక్కుతుంది. మ్యూజియంలోకి వెళ్లిన రోజున ఆ మార్పు ఆగిపోతుంది. చేత్తో తాకకూడదు, ఇంకో కుట్టు వేయకూడదు. గుడ్డను కాపాడడమంటే దాని వాడకాన్ని ఆపడమే అయినప్పుడు, ఉన్న ఒక్క బొంతనూ ఇవ్వడం సబబు కాదు. మ్యూజియం కోసం వేరేగా కుట్టాలి, ఇంట్లోది ఇంట్లోనే ఉండాలి. మ్యూజియం నిజంగా శ్రద్ధ ఉన్నదైతే దానితోపాటు సగం కుట్టిన ముక్క ఒకటి కూడా అడగాలి. పొరలు ఎలా పరిచారో, తాత్కాలికపు కుట్లు ఎక్కడ వేశారో, సూది ఏ వైపు నుంచి నడిచిందో పూర్తయిన బొంతలో కనపడదు, సగంలో ఆపిన దాంట్లో కనపడుతుంది. కుట్టేటప్పుడు మాట్లాడుకున్న మాటలు ఫోనులో గంటో రెండు గంటలో రికార్డు చేసి ఇస్తే మరీ మంచిది. ఏ కుట్టును ఏమంటారో, ఆ మాటలు ముందుగా పోయేవి.

ఎక్కడికి ఇవ్వాలన్న ప్రశ్న మిగిలింది. ఢిల్లీలోని జాతీయ హస్తకళల మ్యూజియం 1956 నుంచి ఉంది. అహ్మదాబాద్‌లో 1949లో పెట్టిన కాలికో మ్యూజియం గుడ్డలకే పేరుపడింది. అక్కడ భద్రత, నిపుణులు, చూసేవాళ్లు ఎక్కువ. కానీ పాటూరు నుంచి ఢిల్లీ వెళ్లి తన కుట్టు చూసుకుని వచ్చే స్తోమత కుట్టినామెకు ఉండదు. పెద్ద సంస్థకే ఇవ్వాలనుకుంటే, అయిదేళ్లకోసారి నెల్లూరులో ఎక్కడైనా కొన్ని వారాలు ప్రదర్శనకు పంపాలని, మంచి రిజల్యూషన్ ఫోటోలు పదిమందికీ ఉచితంగా ఇవ్వాలని కానుక కాగితంలోనే రాయించుకోవచ్చు. ఇచ్చాక అడిగితే అది దయ అవుతుంది, ఇచ్చే ముందు అడిగితే ఒప్పందం అవుతుంది.

దగ్గరలో దాచుకునే అలవాటు మనకు లేదనలేం. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి నడుస్తోంది. ఊరివాళ్లు నిలబెట్టిన గ్రంథాలయం అది. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు అక్కడికి వస్తారు. గాంధీజీ చేతికర్ర ఒకటి కూడా అక్కడ భద్రంగా ఉంది. ఎవరిది, ఎప్పటిది అన్న కథ దాంతోపాటు దాచి ఉండకపోతే అది మూల నిలబెట్టిన కర్ర అయ్యేది. నేత ఊళ్ల మధ్యలో ఉన్న అలాంటి చోట్లకు ఒక మంచి బీరువా, చీకటి గది, తేమ కొలిచే చిన్న మీటరు సమకూర్చడం పెద్ద మ్యూజియం కట్టడమంత ఖర్చు కాదు. జిల్లాకు ఒక గుడ్డల గది ఉంటే వెంకటగిరి చేనేత సంస్థలో చదువుకునే పిల్లలు పాత నేతను పుస్తకంలో కాక ఎదురుగా చూసి నేర్చుకుంటారు.

పేర్లు ఎక్కడ రాయాలన్నది ఆఖరి మాట. రిజిస్టరు కాలిపోవచ్చు, కంప్యూటరు ఫైలు తెరుచుకోకపోవచ్చు, గోడ మీది చీటీ మారిపోవచ్చు. మ్యూజియంవాళ్లు కూడా తమ నంబరును గుడ్డ మీద నేరుగా రాయరు. సన్నటి నూలు పట్టీ మీద రాసి, ఒక మూల వెనకవైపు నాలుగు కుట్లతో కుడతారు. పేర్లకు కూడా అదే దారి ఉంది. కోల్‌కతాలోని గురుసదయ మ్యూజియంలో ఉన్న పాత కంథా (బెంగాలీ బొంత) ఒకదాని మీద మానదాసుందరి అనే ఆమె, తన తండ్రి కోసం కుట్టానని అక్షరాలు దారంతోనే రాసింది. నూరేళ్లు దాటాయి, ఆమె పేరు ఎవరూ వెతకనక్కర్లేదు. పాటూరు తెరకు కూడా వెనకవైపు కింది అంచు నాలుగు వేళ్ల వెడల్పున మడిచి కుట్టి, ఆ మడత మీద పదిమందీ ఎవరి పేరు వాళ్లు, చేసిన పని, ఊరు, సంవత్సరం దారంతో వేసుకోవచ్చు. అక్షరాలు రాని ఆమె, తాను ఎప్పుడూ బొంత మూల వేసే చుక్కల పువ్వు వేస్తుంది. దాని పక్కన ఆమె కూతురు అమ్మ పేరు కుడుతుంది.